పట్టుచీర ఎరుపు కోసం ఒక మానిటర్

మా పిన్ని కూతురి పెళ్లిలో తీసిన ఫోటోలను రెండు వారాలపాటు ల్యాప్‌టాప్ మీదే దిద్ది, ఆల్బమ్ కోసం ల్యాబ్‌కు పంపాను. తిరిగి వచ్చిన ఆల్బమ్‌లో పట్టపగలు జరిగిన తలంబ్రాలు పొద్దుగూకాక జరిగినట్లు ఉన్నాయి. గౌరీపూజ నాటి ఎర్ర పట్టుచీరలో మడతలూ జరీ గీతలూ కలిసిపోయి, ఎరుపంతా ఒక ముద్దగా మిగిలింది. ల్యాబ్‌వారిని నిలదీద్దామని వెళ్తే, అక్కడి పెద్దాయన నా మాటలన్నీ విని, "బ్రైట్‌నెస్ ఎంత పెట్టుకుని చూస్తారు బాబూ?" అని మాత్రం అడిగారు. ఫుల్ అని చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు.

ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ వివరాలు తీసి చూస్తే, తెర వెలుగు 250 నిట్స్ (వెలుగుకు కొలమానం) అనీ, రంగుల పరిధి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అనీ ఉంది. అచ్చు కోసం దిద్దేటప్పుడు తెర వెలుగు 80 నుంచి 120 నిట్స్ మధ్య ఉండాలంటారు. నేను అంతకు రెట్టింపు వెలుగులో చూస్తూ, ఫోటో తగినంత తెల్లగానే ఉందనుకుని నీడలను పైకి లేపకుండా వదిలేశాను. ఇక ఎన్‌టీఎస్‌సీ అన్నది 1953 నాటి టీవీ కొలత. ఇప్పుడు వెబ్‌కూ ల్యాబ్‌లకూ ప్రమాణమైన ఎస్ఆర్‌జీబీ పరిధి అందులో సుమారు 72 శాతం ఉంటుంది కాబట్టి, 45 శాతమంటే ఎస్ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులు కూడా లేనట్టే. ఆ తెర మీద చీర వెలిసినట్లు కనిపించింది. నేను శాచురేషన్ (రంగుల గాఢత) పెంచుకుంటూ పోయాను. ఫైలులో ఎరుపు హద్దు దాటి, మడతల తేడాలు చెరిగిపోయాయి.

కాబట్టి మానిటర్ కొనాలనుకున్నప్పుడు పరిమాణం కంటే ముందు, నా ఫోటోలు చివరికి ఎక్కడికి చేరతాయో ఆలోచించాను. మా ల్యాబ్ తీసుకునేది ఎస్ఆర్‌జీబీ జేపెగ్‌లే. మిగిలినవి బంధువుల వాట్సాప్‌కు వెళ్తాయి. అందుకని ఎస్ఆర్‌జీబీని దాదాపు పూర్తిగా చూపే, పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్ ఉండాలన్నది మొదటి షరతు. అంతకు మించిన పరిధి కావాలనుకుంటే అది ఏ వైపు పెరుగుతుందో చూసుకోవాలి: అడోబీ ఆర్‌జీబీ అనే పరిధి ముఖ్యంగా ఆకుపచ్చ, నీలి ఆకుపచ్చల వైపు విస్తరిస్తుంది, పీ3 అనే మరో పరిధి ఎరుపు, నారింజల వైపు కూడా సాగుతుంది. అడవులూ సముద్రమూ తీసి ఖరీదైన ఇంక్‌జెట్ ప్రింట్లు వేసుకునేవారికి మొదటిది పనికొస్తుంది. బంతిపూలూ పట్టుచీరలూ తీసే నాలాంటివాడికి పీ3 నయం. అయితే విస్తృత పరిధి తెరలో ఒక చిక్కు ఉంది. రంగులను ఎలా చూపాలో చెప్పే ఐసీసీ ప్రొఫైల్‌ను పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ముఖమూ కుంకుమ రాసినట్లు కనిపిస్తుంది. దానికి విరుగుడుగా ఎస్ఆర్‌జీబీ మోడ్ ఇస్తారు గాని, కొన్ని మానిటర్లలో ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చడానికి వీలుండదు. వెలుగు తగ్గించుకోవడానికే మానిటర్ కొంటున్న నాకు అది బొత్తిగా కుదరదు. దుకాణంలో మెనూ తెరిపించి మరీ చూశాను. అమ్మే కుర్రాడు మాత్రం రిఫ్రెష్ రేటు గురించే చెబుతూ పోయాడు.

రిజల్యూషన్ విషయంలో 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీని వెంటనే పక్కన పెట్టాను. అంగుళానికి 82 పిక్సెళ్లే వస్తాయి. అదే పరిమాణంలో 2560 × 1440 అయితే 109, 4కే అయితే 163. 4కే అందంగానే ఉంటుంది గాని, అంత సన్నని పిక్సెళ్లలో నూరు శాతం జూమ్ చేసినా నాయిస్ (ఫోటోలోని గరుకు చుక్కలు) కంటికి ఆనదు, అక్షరాలు చదవడానికి విండోస్‌లో స్కేలింగ్ పెట్టుకోక తప్పదు. పైగా పాత ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేను సెకనుకు 30 ఫ్రేములకు మించి పంపలేదు. చివరికి ఆసుస్ ప్రోఆర్ట్ పీఏ278సీవీ తీసుకున్నాను: 1440 రిజల్యూషన్, నూరు శాతం ఎస్ఆర్‌జీబీ, ఒకే యూఎస్‌బీ-సీ తీగతో బొమ్మతోపాటు 65 వాట్ల ఛార్జింగ్. యూఎస్‌బీ-సీ ఆకారంలో ఉన్న ప్రతి పోర్టూ బొమ్మను పంపదు. డిస్‌ప్లేపోర్ట్ గుర్తు ఉందో లేదో ల్యాప్‌టాప్ వివరాల్లో ముందే చూసుకోవాలి.

ఫ్యాక్టరీలోనే క్యాలిబ్రేట్ చేసి కాగితం పెట్టి పంపినా, ఒక మిత్రుడి దగ్గర తెర రంగులను కొలిచే కలరిమీటర్ అరువు తెచ్చుకుని 6500 కెల్విన్ (తెలుపు ఛాయ), గామా (నడిమి ఛాయల వెలుగు) 2.2, 120 నిట్స్‌కు సరిచేసుకున్నాను. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే నైట్ లైట్‌ను ఆపేశాను. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మా ముందుగది గోడల చిలకపచ్చ రంగు. తెర మీద పడే వెలుతురంతా ఆ పచ్చదనంతోనే వచ్చేది. టేబుల్‌ను తెల్లగోడ ఉన్న గదిలోకి మార్చాక గాని ముఖాల రంగు మీద నాకు నమ్మకం కుదరలేదు.

ఆ తరువాత నాలుగు ఫోటోలను మళ్లీ మొదటి నుంచి దిద్ది, 6 × 4 సైజులో ప్రింట్లు వేయించి, ట్యూబ్‌లైట్ కింద తెర పక్కనే పెట్టి చూశాను. చీర మడతలు విడివిడిగా తెలిశాయి, జరీ గీత నిలిచింది. ప్రింటు ఇంకా ఒక పిసరు ముదురుగానే ఉండడంతో తెర వెలుగును 100 నిట్స్‌కు తగ్గించాను. గౌరీపూజ పేజీలు రెండూ తిరిగి అచ్చుకు ఇచ్చాను. తలంబ్రాల పేజీల సంగతి పిన్నితో ఇంకా ఎత్తలేదు.