లెంటులో ఒక శుక్రవారం: యెషయా 58 చదివి పనికి వెళ్లేవాళ్లకు

శుక్రవారం, గుంటూరు.

ఈరోజు ధ్యానభాగం బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 58వ అధ్యాయం. ఉపవాస ప్రార్థన అనగానే ముందు చేతికొచ్చే అధ్యాయం ఇదే. మొత్తం పద్నాలుగు వచనాలు. గట్టిగా చదివినా మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. చదవడం తెల్లవారుజామునే అవుతుంది కానీ, చెయ్యడానికి సాయంత్రం ఆరు దాకా పడుతుంది. ఎక్కువమంది దగ్గర మొదటిది అవుతుంది, రెండోది ఆగిపోతుంది.

లెంటు అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస కాలం. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కేస్తే 46 రోజులు. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఉపవాసం ఉండదు. ఆరు ఆదివారాలూ తీసేస్తే మిగిలేవి 40. ఆ నలభై రోజులూ మన ఊళ్లో సరిగ్గా మిర్చి సీజన్లో వచ్చి పడతాయి. ఇటు శుక్రవారం కూటాలు, అటు మిర్చి యార్డులో లారీల కొద్దీ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. కమిషన్ దుకాణం నడిపే పెద్దమనిషి, ఆయన గుమాస్తా, టిక్కీలు మోసే హమాలీ, తొడిమలు తీసే ఆడవాళ్లు ఆదివారం ఒకే గుడిలో కూర్చునే ఊరు ఇది. అందుకే ఈ అధ్యాయం ఇక్కడ ఎక్కడో జరిగిన సంగతిలా అనిపించదు.

చదివేటప్పుడు ఎక్కువగా దొర్లే పొరపాటు మూడో వచనంలో ఉంది. మేము ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవు అన్నది జనం ఫిర్యాదు. దాని వెనకే దేవుడి జవాబు వస్తుంది: "మీ ఉపవాసదినమున మీరు మీ వ్యాపారము చేయుదురు మీ పనివారిచేత కఠినమైనపని చేయించుదురు." పాత అనువాదంలో ఎవరి మాట ఎక్కడ ఆగిందో చూపే కొటేషన్ గుర్తులు ఉండవు. గబగబా చదివితే రెండు గొంతులూ కలిసిపోయి, అంతా ఎవరో ప్రవక్త కేకలేస్తున్నట్టే వినపడుతుంది. ఇంట్లో ఇద్దరు పంచుకుని చదివితే మంచిది. ఒకరు జనం మాట, ఒకరు దేవుడి మాట. ఒంటరిగా చదివేవాళ్లు పెన్సిలుతో మూడో వచనం మధ్యలో అడ్డగీత గీసుకున్నా చాలు.

ఇంకో అలవాటు పదకొండో వచనాన్ని మాత్రం కోసుకుని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడం. "నీరు కట్టిన తోటవలెను" అన్న వాగ్దానం ఎవరికి చేదు? దానికి ముందు ఆరు, ఏడు, తొమ్మిది, పది వచనాల్లో ఉన్న పనులు మాత్రం ఏ స్టేటస్‌లోనూ కనపడవు. కాడి విప్పాలి, ఆకలిగొన్నవాడికి పెట్టాలి, ఇల్లు లేనివాడిని ఇంట్లోకి తీసుకురావాలి, వేలు పెట్టి చూపడం మానాలి. తోట ఆ తర్వాతి మాట.

ఇక ప్రార్థన. 1535లో జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్‌ని ఆయన మంగలి పీటర్ ప్రార్థన ఎలా చెయ్యాలో చెప్పమని అడిగాడు. ఆయన రాసిచ్చిన చిన్న పుస్తకంలో నాలుగు పేటల దండ అనే పద్ధతి ఉంది. ఒక వాక్యాన్ని తీసుకుని నాలుగుసార్లు తిప్పాలి. ఇది నాకేం నేర్పుతోంది, దీనికి దేవునికి ఎందుకు స్తోత్రం చెప్పాలి, దీని ముందు నేను ఒప్పుకోవలసింది ఏమిటి, దీన్నిబట్టి ఏం అడగాలి. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన నాటి నుంచి లూథరన్ సంఘం వేళ్లూనిన ఊరు మనది. అయినా ఈ పద్ధతి మన కూటాల్లో ఎందుకో కనపడదు. మూడో వచనానికి దాన్ని వేసి చూస్తే ఇలా వస్తుంది.

నేర్పేది: నేను కడుపు మాడ్చుకున్న రోజున నా దగ్గర పనిచేసేవాళ్ల మీద బరువు పెరిగితే, దేవుడు దాన్ని ఉపవాసంగా లెక్కపెట్టడు. స్తోత్రం: కూలివాడి లెక్క కూడా చూసే దేవుడు ఉన్నందుకు. ఒప్పుకోలు: ఇక్కడ పేరు రాయాలి, మొత్తం రాయాలి. "పనివాళ్ల పట్ల కఠినంగా ఉన్నాను" అంటే అది ఒప్పుకోలు కాదు, ఉపోద్ఘాతం. "ఇస్త్రీ అతనికి రెండు నెలల బాకీ, పదిహేను చీరలు" అని రాస్తే ఒప్పుకోలు. విన్నపం: ఈరోజు సాయంత్రంలోగా అది తీర్చే మనసు, దానికి కావలసిన చిల్లర.

నాలుగు పేటలకీ పది నిమిషాలు చాలు. రోజూ నాలుగూ పూర్తి కావాలనే పట్టు లేదు. మధ్యలో ఒక తలంపు గట్టిగా పట్టుకుంటే మిగతావి వదిలేసి అక్కడే మౌనంగా వినమని లూథరే చెప్పాడు. తెల్లవారుజామున మోకాళ్ల మీద నిద్ర ముంచుకొచ్చేవాళ్లు లేచి నిలబడి, గట్టిగా చదువుతూ చెయ్యవచ్చు. నోరు మూసుకుని, కళ్లు మూసుకుని, తల మంచానికి ఆనించి చేసే ప్రార్థన అయిదు నిమిషాల్లో ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు.

ఉపవాసం సంగతి కూడా సరిగ్గా చూసుకోవాలి. మన సంఘాల్లో చాలామంది మధ్యాహ్నం మూడు దాకా ఉంటారు. బైబిల్ కాలపు లెక్కలో ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన తొమ్మిదో గంట అదే. మార్చి ఎండలో మంచినీళ్లు మానకూడదు. ముఖ్యంగా కాటా దగ్గర, గోదాముల్లో ఘాటు మధ్య నిలబడేవాళ్లు అస్సలు మానకూడదు. గంటకో గ్లాసు నీళ్లు, మధ్యలో ఒకసారి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగితే భక్తి ఏమీ తగ్గదు. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా పూట మానకూడదు. మందు వేసుకుని తిండి మానితే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే ప్రార్థన ముగిసేదాకా ఆగకుండా వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి. గర్భిణులు, బాలింతలు, పరీక్షలు రాస్తున్న పిల్లలు తిండి మానకుండా, దానికి బదులు టీవీయో ఫోనో మానుకోవచ్చు. మూడు గంటలకు ఖాళీ కడుపుతో మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగితే రాత్రంతా గుండెల్లో మంటే. పెరుగన్నంతో విడవడం మేలు.

మానేసిన ఆ పూట ఎక్కడికి వెళ్లింది? ఈ ప్రశ్న వేసుకోకపోతే ఉపవాసం సరుకుల ఖర్చులో పొదుపుగా తేలుతుంది. ఏడో వచనం "నీ ఆహారము ఆకలిగొనినవారికి పెట్టుటయు" అంటుంది. మనం తినకుండా ఉంచిన అన్నమే అటు వెళ్లాలి. ఇంట్లో నలుగురు మానితే నలుగురి భోజనం. గుంటూరులో దానికి దగ్గర చిరునామా ప్రభుత్వ పెద్దాసుపత్రి, జీజీహెచ్. వార్డుల్లో ఉన్న రోగులకు ఆహారం నియమం ప్రకారం నడుస్తుంది, వాళ్ల చేతికి బయటి తిండి ఇవ్వకూడదు. పెట్టాల్సింది తోడుగా వచ్చి వరండాల్లో కూర్చున్నవాళ్లకి. పల్లెల నుంచి వచ్చినవాళ్లు మందులకీ ఆటోలకీ డబ్బు అయిపోయాక ముందు కోసుకునేది తమ భోజనాన్నే.

ఈ ఎండకి పెరుగన్నం పొట్లం కడితే పులిసిపోతుంది. పులిహోర నిలుస్తుంది, అది కూడా చింతపండుది. నిమ్మకాయ పులిహోర మధ్యాహ్నానికి చేదెక్కుతుంది. అన్నం బాగా ఆరాక కలపాలి, వేడి మీద పొట్లం కడితే లోపల చెమట పట్టి పాడవుతుంది. ఉల్లిపాయ వెయ్యకూడదు. కిలో బియ్యానికి ఎనిమిది, తొమ్మిది పొట్లాలు వస్తాయి. పన్నెండింటికి కట్టినవి మూడు, నాలుగింటిలోగా చేతికి చేరాలి. ఒక్కో పొట్లానికి ఒక నీళ్ల ప్యాకెట్టు. ముందు అక్కడ సెక్యూరిటీ వాళ్లని అడిగి, ఎక్కడ పంచమంటే అక్కడే పంచాలి, లేకపోతే దారికి అడ్డం పడతాం. పొట్లంలో కరపత్రం పెట్టి, అది చదివితేనే అన్నం అన్నట్టు నిలబడటం, పంచుతూ ఫొటోలు దిగటం రెండూ నాకు గిట్టవు. ఎవరైనా ప్రార్థన చెయ్యమని అడిగితే పక్కన కూర్చుని, పేరు అడిగి, రెండు మాటల్లో చెయ్యాలి. అంతకంటే ఎక్కువ అక్కడ పట్టదు.

అయితే ఈ అధ్యాయంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది అన్నం కాదు, కూలి. పొట్లాలు పంచడం సులువు, నలుగురూ చూస్తారు. కూలి సంగతి ఎవరికీ కనపడదు.

లేవీయకాండము 19:13 సూటిగా చెబుతుంది: "కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు." ద్వితీయోపదేశకాండము 24:15లో కారణం కూడా ఉంది. అతను బీదవాడు, దానిమీదే ఆశపెట్టుకుని ఉన్నాడు, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలి. యాకోబు 5:4 ఇంకా కఠినం: "మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది." కూలివాడు నోరు తెరవక్కర్లేదు, ఆ డబ్బే అరుస్తుంది.

శని, ఆదివారాలు యార్డుకి సెలవు. శుక్రవారం సాయంత్రం కూలి అడిగిన ఆమెతో "సోమవారం చూద్దాంలే అమ్మా" అంటే ఆ మాట మీద మూడు రాత్రులు గడవాలి. ఆదివారం కానుక సంచిలో మనం వేసే నోటు అప్పటికి ఆమెదే అయి ఉంటుంది.

తొడిమలు తీసే పనికి తూకం మీద కూలి. పొద్దుటి నుంచి వేళ్లు మండుతుండగా తీసిన కాయని సాయంత్రం కాటా మీద పెట్టినప్పుడు సంచి బరువు ఎంత తీశారు, తాలుకాయలు (రంగు పోయిన నాసి కాయలు) వేరుచేసినందుకు లెక్క కట్టారా, ముల్లు నిలబడ్డాక రాశారా, ఊగుతుండగానే రాశారా అన్నవి ఆరాధన ప్రశ్నలే. రైతు దగ్గర తరుగు పేరుతో కోసేదీ అంతే. సామెతలు 11:1లో దొంగత్రాసు యెహోవాకు హేయమని చదివి, బయటికొచ్చి "మార్కెట్లో అందరూ చేసేదే" అనడం గుమాస్తాలకు బాగా అలవాటైన మాట. యజమాని తరుగు కోయమంటే గుమాస్తా ఏం చెయ్యాలి? ఉద్యోగం పోతుందన్న భయం చిన్నది కాదు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే బోధకులంటే నాకు గౌరవం తక్కువ. కానీ తూకం అయ్యాక అంకె గట్టిగా చదివి వినిపించడం, సంచి బరువు ఎంత తీశామో చీటీ మీద విడిగా రాయడం గుమాస్తా చేతిలో పనే. చీటీ మీద ఉన్నదాన్ని తర్వాత మార్చడం ఎవరికైనా కష్టం.

యార్డుతో సంబంధం లేనివాళ్లు తమ ఇంటి గడప దగ్గర చూసుకోవచ్చు. పనమ్మాయి, వాచ్‌మన్, ఇస్త్రీ అతను, పాలబ్బాయి, ట్యూషన్ టీచరు. వీళ్లలో అడగడానికి మొహమాటపడేవాళ్ల పేర్లు ముందు రాసుకోవాలి, గట్టిగా అడిగేవాళ్లకి ఎలాగూ అందుతుంది. ఫోన్‌పే కొట్టేటప్పుడు ఆ నంబరు ఎవరిదో కనుక్కోవాలి. చాలాసార్లు అది కొడుకుదో మొగుడిదో అయి ఉంటుంది. మన ఫోన్లో పచ్చ టిక్కు పడుతుంది, ఆమె చేతికి రూపాయి రాదు. అలాంటిచోట నోట్లే ఇవ్వాలి, చిల్లరతో సహా. పైసలు లేకపోతే ఏ తారీఖున ఇస్తామో మనమే వెళ్లి చెప్పాలి, వాళ్లు రెండోసారి మెట్లెక్కే పని పెట్టకూడదు.

పని మధ్యలో పొడవాటి ప్రార్థన కుదరదు, అక్కర్లేదు కూడా. నెహెమ్యా 2:4లో రాజు ప్రశ్న అడిగాడు, నెహెమ్యా ప్రార్థించాడు, జవాబు చెప్పాడు. ఊపిరి తీసుకునేంత సమయం. బాకీదారు ఫోను మోగినప్పుడు ఎత్తేముందు ఆ పాటి వ్యవధి ఉంటుంది. మిగతా సమయం చూపు పని మీదే ఉండాలి. మంచి మంగలి చూపు కత్తి మీదా వెంట్రుకల మీదా ఉండాలని, కబుర్లాడుతూ ధ్యాస ఎటో పెడితే ముక్కో గొంతో తెగుతుందని లూథర్ ఆ పీటర్‌కే రాశాడు. కాటా దగ్గర కూర్చుని బైబిల్ యాప్ చూసేవాళ్లకీ అది సరిపోతుంది.

సాయంత్రం కుటుంబ ప్రార్థన పావుగంట దాటకూడదని నా అభిప్రాయం. ఒక కీర్తన, అదే అధ్యాయం నుంచి నాలుగు వచనాలు పిల్లల చేత, రెండు నిమిషాల మాట, ప్రార్థన, పరలోక ప్రార్థన. ఈరోజుకి ఆరు నుంచి తొమ్మిది వచనాలు. తొమ్మిదిలో "వ్రేలుపెట్టి చూపి తిరస్కరించుట" అన్నది ఉంది. పరీక్షల రోజుల్లో మన ఇళ్లలో అది ప్రార్థన వేషంలోనే జరుగుతుంది. "ప్రభువా, వీడికి ఫోను మీద ఉన్న ధ్యాస చదువు మీద పెట్టు" అని తండ్రి కళ్లు మూసుకుని అంటాడు. పిల్లాడికి అది తిట్టులాగే వినపడుతుంది, పైగా తిరిగి మాట్లాడే వీలు కూడా లేదు. పిల్లాడికి ఏ పేపరు భయంగా ఉందో ముందు అడిగి, ఆ సబ్జెక్టు పేరు పెట్టి ప్రార్థించాలి. అలాగే "ఫలానావాళ్ల అమ్మాయి విషయం, ప్రార్థనలో పెట్టండి" అని కూటంలో విప్పే సంగతులు. ఆ అమ్మాయి అనుమతి లేనిదే పేరు రాకూడదు, వివరం అసలే రాకూడదు. ఇరుగుపొరుగు సంగతులు మోకాళ్ల మీద చెప్పుకున్నా చాడీలే.

పడుకునేముందు పొద్దున్న రాసిన కాగితం తీసి ఒప్పుకోలు గీత దగ్గర చూడాలి. బాకీ తీరితే కొట్టెయ్యాలి. తీరకపోతే రేపటికి 59వ అధ్యాయానికి వెళ్లకుండా ఈ 58లోనే ఉండిపోవచ్చు. చదివే ప్రణాళిక ఒక రోజు వెనకపడితే ఆదివారం రెండు అధ్యాయాలు కలిపి చదువుకోవచ్చు. ఇస్త్రీ అతను మాత్రం శనివారం పొద్దున్నే ఏడింటికి బట్టల కోసం వస్తాడు. ఆ డబ్బు రాత్రే లెక్కపెట్టి, కవర్లో వేసి, తలుపు పక్కన పెట్టి ఉంచాలి.