ఐపీఎఫ్ఎస్‌లో ఒక్క అక్షరం దిద్దినా అడ్రస్ మారిపోద్ది

ఉదయగిరి కొండెక్కినప్పుడల్లా తీసిన ఫోటోలు, కోట గురించి మా తాత చెప్పిన సంగతులు రాసుకున్న ఫైలు, అన్నీ ఒక ఫోల్డర్లో వేసి ఐపీఎఫ్ఎస్‌లో, అంటే ఫైళ్లని ఒకే సర్వర్లో కాకుండా జనాల కంప్యూటర్ల మధ్యే పంచుకునే నెట్‌వర్క్‌లో, పెట్టినా. యాడ్ కొట్టగానే పొడుగాటి సీఐడీ, అంటే ఆ ఫోల్డర్ అడ్రస్, ఒకటొచ్చింది, దాన్ని హైదరాబాద్‌లో ఉండే మా బావకి పంపించి అప్‌లోడ్ అయిపోయిందనుకున్నా, తీరా ఆ రాత్రి కావలిలో కరెంటు పోయి నా సిస్టం ఆగిపోతే ఆయనకి ఒక్క ఫోటో కూడా తెరుచుకోలా. యాడ్ అంటే ఎక్కడికో ఎక్కించడం కాదు, మన నోడ్‌లోనే, అంటే ఐపీఎఫ్ఎస్ నడిపే మన కంప్యూటర్లోనే, ముక్కలు చేసి పెట్టుకోని ఇది నా దగ్గరుంది అని నెట్‌వర్క్‌కి చెప్పడం, అంతే. ఎవరన్నా అడిగితే అప్పుడు పోద్ది. ఇంకో నోడ్‌లో పిన్ చేసుంటేనే (తీసెయ్యకుండా ఉంచమని చెప్పుంటేనే) మనది ఆపేసినా ఫైలు దొరుకుద్ది, ఊరికే చూసినోళ్ల దగ్గర మిగిలిన కాపీ గార్బేజ్ కలెక్షన్‌లో (పిన్ చెయ్యనివి తీసేసి జాగా ఖాళీ చేసేటప్పుడు) ఎప్పుడైనా పోవచ్చు.

వెర్షన్ల సంగతి నాకు బాగా నచ్చింది. సీఐడీ పుట్టేదే ఫైల్లో ఉన్న డేటా హ్యాష్ (డేటాని బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) నుంచి, కాబట్టి తాత మాటల్లో ఒక అక్షరం దిద్దితే ఆ ఫైలుకి కొత్తది, దాంతోపాటు ఫోల్డర్‌కీ కొత్తది, ఫోటోలవి మాత్రం అవే, వాటిని మళ్లీ దాయాల్సిన పన్లేదు. పాత లింకు పాతదాన్నే చూపిస్తది, దాన్ని పిన్ చేసుంచితే.

పెద్ద ఫైలు చివర్లో కలిపితే ముందు ముక్కలు చాలావరకు అట్నే ఉంటయి, అదే మొదట్లో ఒక లైను దూర్చామా, ముక్కల సైజు మామూలుగా ఫిక్స్‌డ్ కాబట్టి వెనకవన్నీ జరిగి కొత్తవైపోతయి.

బావకి ఇప్పుడు ఐపీఎన్ఎస్ పేరు, అంటే ఫైళ్లు మారినా తను మారని అడ్రస్, ఇచ్చినా, అది నా కీకి (నా దగ్గరుండే డిజిటల్ తాళంచెవికి) కట్టుబడి ఉంటది, మార్చినప్పుడల్లా పబ్లిష్ కొడితే కొత్త సీఐడీకి తిరుగుద్ది. రెండో పిన్ నెల్లూర్లో మా తమ్ముడి సిస్టంలో పెట్టించినా.