మైలుకు వెయ్యి నంబర్లు

డల్లాస్‌కు ఉత్తరాన, ఏ పట్టణ పరిధిలోకీ రాని చోట మేము ఐదెకరాల స్థలం కొన్నప్పుడు, దానికి చిరునామా లేదన్న సంగతి రిజిస్ట్రేషన్ పూర్తయ్యాకగానీ తెలియలేదు. కాగితాల్లో సర్వే వివరాలూ హద్దులూ అన్నీ ఉన్నాయి, ఇంటి నంబరు ఒక్కటే లేదు. కరెంటు మీటరు కోసం వెళ్తే "ముందు 911 అడ్రసు తెచ్చుకోండి" అన్నారు. 911 అంటే ఇక్కడ అంబులెన్సునో, పోలీసులనో, అగ్నిమాపక దళాన్నో పిలిచే అత్యవసర నంబరు. నంబరు ఇచ్చేది పోస్టాఫీసే అనుకుని అటు బయలుదేరబోయాను. పట్టణాల బయట ఆ పని చూసేది కౌంటీలోని (మన జిల్లాలాంటిది) అడ్రసింగ్ విభాగమని పక్కింటి పెద్దాయన చెప్పాడు.

కొలతకు వచ్చిన ఉద్యోగి ఇల్లు ఎక్కడ కడతారని అడగలేదు, రోడ్డు మీదనుంచి లోపలికి దారి ఎక్కడ పెడతారని అడిగాడు. అక్కడ మేము ముందే ఒక మేకు పాతి నారింజరంగు రిబ్బను కట్టి ఉంచాం. అతను ఆ మేకు పక్కన జీపీఎస్ పరికరం పట్టుకుని నిలబడి, రోడ్డు మొదలయ్యే కూడలినుంచి అక్కడికి 6,030 అడుగులని తేల్చాడు. ఇక్కడి లెక్కలో ప్రతి 5.28 అడుగులకూ ఒక నంబరు, అంటే మైలుకు సరిగ్గా వెయ్యి. ఒక పక్క సరి సంఖ్యలు, ఎదురు పక్క బేసి సంఖ్యలు. ఆ ప్రకారం మా నంబరు 1142 అయింది. మాకు ముందున్న ఇల్లు 1050. మధ్యలో మిగిలిపోయిన సంఖ్యలు రేపు అక్కడ ఎవరైనా కడితే వారివి. కూడలి దగ్గర బండి మీటరు చూసుకున్న అంబులెన్సు డ్రైవరుకు, మైలు దాటి ఇంకో 750 అడుగులు పోతే మా గేటు వస్తుందని నంబరే చెబుతుంది. మా ఊళ్లో కొత్త ఇంటికి 4-12/ఏ/1 అని తగిలించుకుంటూ పోయే పద్ధతి చూసి పెరిగినవాడిని కనుక, ఆ సాయంత్రం నేను కారు మీటరుతో ఆ లెక్క స్వయంగా సరిచూసుకున్నాను!

ఈ ఏర్పాటు మొదటినుంచీ ఉన్నది కాదు. అమెరికాలో తొలి 911 కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న పట్టణంలో మోగింది. ఆ తర్వాత కూడా చాలాకాలం పల్లెల్లో చిరునామా అంటే తపాలా రూటు నంబరు, పెట్టె నంబరు మాత్రమే. ఆ వరుస ఉత్తరాలు పంచేవాడు తిరిగే దారిని బట్టి వచ్చింది కాబట్టి అతనికి తప్ప మరొకరికి పనికిరాదు. అర్ధరాత్రి వచ్చే అగ్నిమాపక సిబ్బందికి అసలే పనికిరాదు. అందుకే కౌంటీలు ఒక్కొక్కటిగా పేరులేని రోడ్లకు పేర్లు పెట్టి, ప్రతి ఇంటినీ కొలిచి, పటం మీదికి ఎక్కించాయి. పాత ల్యాండ్‌లైను ఫోనుకైతే నంబరు వెంటే ఇంటి చిరునామా పట్టికలోంచి, కాల్ అందుకుని బండిని పంపే డిస్పాచర్ తెర మీదికి వచ్చేది. సెల్‌ఫోను వచ్చాక ఆ ముడి తెగిపోయింది.

ఆ తెగిపోవడమంటే ఏమిటో మాకు ఒక ఆగస్టు రాత్రి తెలిసివచ్చింది. ఇండియానుంచి వచ్చిన నాన్నగారు ఛాతీలో బరువుగా ఉందన్నారు. 911కి చేస్తే అవతలివారి మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు, "ఏ చిరునామాకు రావాలి?" అని. చెప్పాను. ఒక్క క్షణం ఆగి, ఆ రోడ్డు తమ పటంలో లేదన్నారు. నా ఫోను అందుకున్న టవరు పొరుగు కౌంటీ వైపుది కావడంతో, కాల్ ఆ కౌంటీ కేంద్రానికి వెళ్లింది. వాళ్లు మా కేంద్రానికి కలిపారు, చిరునామా మళ్లీ మొదటినుంచి చెప్పాను. టవరును బట్టి కాకుండా ఫోను ఉన్న స్థానాన్ని బట్టే కాల్‌ను పంపాలని సెల్ కంపెనీలకు, వాటిని నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2024 జనవరిలో నిబంధన చేసింది. అది రావలసినదానికంటే చాలా ఆలస్యంగా వచ్చిందని నా అభిప్రాయం.

అంబులెన్సు మా గేటు దాటి ముందుకు పోయి, వెనక్కి వచ్చింది. అందులో తప్పు నాదే. ముచ్చటపడి ఇటుక గోడ మీద నల్లటి ఇనుప అంకెలు బిగించాను. ఆ గోడ రోడ్డుకు నాలుగువందల అడుగుల లోపల ఉంది. మర్నాడే దారి మొదట్లో స్తంభం పాతి, వెలుతురు పడితే మెరిసే ఆకుపచ్చ రేకు మీద తెల్లని అంకెలు రెండు వైపులా కనిపించేట్టు పెట్టాను. నాన్నగారికి వచ్చినది గుండెపోటు కాదని ఆసుపత్రిలో తేలింది.

ఆ రేకు ఆయనకు బాగా నచ్చింది. ఇండియాలో తపాలాశాఖ, ఐఐటీ హైదరాబాద్, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి రూపొందించిన డిజిపిన్ 2025లో విడుదలైందని, ఆయన తిరిగి వెళ్లాక ఫోనులో చెప్పాను. దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా కోసి, గడికొక పది అక్షరాల గుర్తు ఇచ్చే పద్ధతి అది. ఆయన మనవడి చేత మా ఊరి ఇంటి గుర్తు తీయించుకుని, క్యాలెండరు పక్కన గోడ మీద రాసుకున్నారు. 108కి చేయవలసి వస్తే మాత్రం "రామాలయం వెనక, రావిచెట్టు సందు" అనే చెబుతానంటున్నారు.