తేదీ లేని గడి

సంఘ సభ్యత్వ పత్రాన్ని ఈ ఏడు కొత్తగా నింపి ఇమ్మన్నారు. అందులో పుట్టిన తేదీకీ బాప్తిస్మపు తేదీకీ మధ్య ‘రక్షింపబడిన తేదీ’ అని, అంటే క్రీస్తును నమ్ముకొని మారుమనస్సు పొందిన రోజు వ్రాయమని, ఒక గడి చేర్చారు. మావారు తడుముకోకుండా తమ తేదీ వ్రాసి కలం నా చేతికిచ్చారు. తానెలా రక్షింపబడ్డారో ఆయన చెప్పే సాక్ష్యం మా సంఘమంతా విన్నదే. నేను ఆ గడి వదిలేసి ఇస్తే, పత్రాలు తీసుకుంటున్న అబ్బాయి పదిమంది ముందూ “తేదీ తెలియదంటే రక్షణ మీదే అనుమానం అక్కా” అని, వచ్చే ఆదివారం నింపి తెమ్మని తిరిగి ఇచ్చేశాడు. నేను బాప్తిస్మం తీసుకున్ననాటికి అతడు పుట్టి కూడా ఉండడు. ఆ ఉదయం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటూ కుదుటపడిన మనసు కాస్తా చెదిరిపోయి, వంట చేస్తున్నంతసేపూ అతనికి జవాబులు చెబుతూనే ఉన్నాను.

ఒంగోలు ప్రాంతపు వాళ్లం గనుక మొదటి జవాబు అక్కడిదే. 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారికి తేదీ ఉంది. కానీ వచ్చేది దేవుని కోసమో గింజల కోసమో తెలియదని, అంతకుముందు కరువుకాలమంతా బాప్తిస్మాలు ఆపివేసినవాడు అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరే. తేదీ ఉన్న జాన్ వెస్లీ, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన బోధకుడు, ఆయన సంగతైనా అంతే: 1738 మే 24 సాయంత్రం లండనులో ఆయన హృదయం వెచ్చబడింది, 1766లో మాత్రం తాను దేవుణ్ణి ఎన్నడూ ప్రేమించలేదని తమ్ముడు చార్లెస్‌కు ఉత్తరం వ్రాశాడు.

మా నాయనమ్మకైతే చదువే రాదు. ఆమె బైబిలు మొదటి పేజీలో మా ఇంటి పుట్టుకలు, పెండ్లిళ్లు, చావులు తలా ఒక చేతివ్రాతలో, తలా ఒక రంగు సిరాలో ఉండేవి గాని, ఎవరు ఎప్పుడు రక్షింపబడ్డారో వ్రాసిన వరుస మాత్రం లేదు. పొయ్యి వెలిగిస్తూ పక్కింటి మనిషితో మాట్లాడినట్టు ప్రభువుతో మాట్లాడిన ఆ ముసలావిడ, మంచం పట్టాక మా అమ్మను “ఆయన నన్ను మరచిపోడు గదా?” అని అడిగేది. అమ్మ యోహాను సువార్త పదవ అధ్యాయం తీసి, యేసు తన గొర్రెలను గురించి “ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు” అన్నచోటు చదివేది. వినగానే “మళ్ళీ చదువు” అనేది. గంట గడిచాక అదే ప్రశ్న.

కాబట్టి రక్షింపబడ్డానన్న నిశ్చయత లేకపోయినా ఫరవాలేదని వ్రాసి ముగిద్దామనుకున్నాను. కానీ అది కుదరదు. “నిత్యజీవముగలవారని తెలిసికొనునట్లు” వ్రాస్తున్నానని యోహాను తన మొదటి పత్రికలో స్పష్టంగా చెప్పాడు. తెలుసుకోవచ్చు అన్నదాన్ని తెలియకపోవడమే వినయమని నేను సర్దిచెప్పుకుంటే ఎలా? ఆ అబ్బాయి అడిగిన తీరు బాగాలేదు గాని, అడిగినది అడగవలసిన ప్రశ్నే. యోహాను మాత్రం తేదీ అడగలేదు. సహోదరులను ప్రేమిస్తున్నాము గనుక మరణంలోనుండి జీవంలోనికి దాటియున్నామని ఎరుగుదుము అన్నాడు. ఆ గడిలో అదే అడిగివుంటే, పొద్దుటినుండి ఒక సహోదరుణ్ణి మనసులో దులిపేస్తున్న నేను ఈ రాత్రి ఇంకా ఇబ్బందిపడేదాన్ని.

పత్రం ఖాళీగడితోనే ఇస్తాను. అయితే అంతకుముందు ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, అతని తేదీ కథేమిటో అడిగి పూర్తిగా వినాలనుకుంటున్నాను.