పాత చీరల మూట

“ఈ చీర మీ ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారా సార్?”

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నైలోని వేళచ్చేరి మునిగినప్పుడు, ఒక కల్యాణ మండపంలో సాయం సరుకులు రాసుకుంటున్న తమిళావిడ అడిగిన మాట ఇది. ఎదురుగా మన తెలుగువాళ్ళు ఆటోలో వేసుకొచ్చిన బట్టల మూటలు. అదే ఆటోలో వెనక్కి వెళ్ళాయి. ఆ రాత్రి వాట్సాప్‌లో ఒకటే గోల. పెట్టే చేతిని కాదంటారా, ఎన్నేళ్ళున్నా ఈ ఊళ్ళో మనం పరాయివాళ్ళమే, ఇంకోసారి రూపాయి ఇస్తే ఒట్టు.

ఆవిడ అడిగిన తీరు కటువే, నలుగురిలో అనకుండా ఉండాల్సింది. కానీ అలాంటి మూటలో ఏముంటాయో కట్టిన ప్రతి ఇంటికీ తెలుసు. జాకెట్టు లేని చీర, బొందు లేని లంగా, జిప్పు పోయిన ప్యాంటు, పిల్లాడి పాత యూనిఫాం, అంచు చిరిగిన పెళ్ళినాటి పట్టుచీర. పనిమనిషికి ఇవ్వడానికి మొహమాటపడినవి కూడా తుపాను బాధితులకు పనికొస్తాయనుకుంటాం.

పనికిరావు. మూట విప్పి, ఆడవాళ్ళవి, మగవాళ్ళవి, పిల్లలవి వేరు చేసి, చినిగినవి తీసేసి, సైజుల వారీగా మడత పెట్టాలి. ముగ్గురు మనుషులు పనిగట్టుకుని కూర్చుంటే తప్ప ఒక్క గోతాం తెమలదు. వరదలో అన్నిటికంటే కరువైనది ఆ ముగ్గురు మనుషులే. పైగా వానలో తడిసిన మూటకు రెండో రోజుకే బూజు పడుతుంది, ఆ వాసనకు పక్కనున్న దుప్పట్లు కూడా పోతాయి. 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఇల్లూ వలా పోగొట్టుకున్న జాలర్లు కూడా వాటిని ముట్టలేదు. తమిళనాడులో సాయం పనులు చేసేవాళ్ళకు ఆ గుట్టలు ఇంకా కళ్ళలోనే ఉన్నాయి. ఆవిడ కటువుదనం మన భాష మీద కాదు, ఆ గుట్టల మీద.

ఇవ్వాల్సిన బట్టలు వేరే ఉన్నాయి, అన్నీ కొత్తవే: నైటీలు, పైన కప్పుకునే తువ్వాళ్ళు, లుంగీలు, పిల్లల నిక్కర్లు, లోదుస్తులు. ఇవి సైజు చీటీ పైకి కనపడేలా కట్టలు కట్టాలి. శానిటరీ ప్యాడ్లు పేపర్లో చుట్టి, ఆడవాళ్ళ చేత ఆడవాళ్ళకే పంచాలి. మగవాళ్ళు బల్ల వేసుకుని పంచితే సగం మంది అడగకుండానే వెళ్ళిపోతారు.

అయినా మనవాళ్ళను కొంత సమర్థించుకోవాలనే ఉంది. తుపాను అనగానే కృష్ణా, గుంటూరు మనిషి చెయ్యి బట్టల మీదికే ఎందుకు పోతుంది? 1977 నవంబరు 19 వల్ల. ఆ రాత్రి దివిసీమ మీద తాటిచెట్టంత అల పడింది. ప్రభుత్వ లెక్కలోనే పదివేల మందికి పైగా పోయారు. బతికినవాళ్ళకు ఒంటి మీద గుడ్డ మిగల్లేదు. అప్పుడు ఇంటింటా తిరిగి పోగుచేసిన పాత బట్ట నిజంగా మానం కాపాడింది. ఆ జ్ఞాపకమే ఇప్పటికీ మన చేత మూటలు కట్టిస్తోంది. చెన్నైది వేరే తుపాను. ఇల్లు నిలబడే ఉంటుంది, బీరువా మేడ మీద ఉంటుంది. పోయేది కరెంటు, మంచినీళ్ళు, పాలు, మరుగుదొడ్డి. 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడ్డ హుద్‌హుద్‌కు కావలసి వచ్చినవి చెట్లు కోసే రంపాలు, కరెంటు స్తంభాలు, వాటిని నిలబెట్టే సిబ్బంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 1990 మేలో దాదాపు ఆ దివిసీమ తీరం మీదికే భీకరమైన తుపాను వస్తే చావులు వెయ్యి లోపే ఆగాయి, ముందే జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి. వాన మొదలవకముందే పల్లెను లేపి తుపాను షెల్టరుకు నడిపించే పనిలో మన తీరం ఎవరికీ తీసిపోదు. నీళ్ళు వచ్చాక పడవలు వేసుకుని తిరగడంలో చెన్నైవాళ్ళు గట్టి, 2015 వరదల్లో చూశాం. ముందు జాగ్రత్తలో మనవాళ్ళదే పైచెయ్యి అని ఇక్కడి మిత్రులతో వాదిస్తే నవ్వుతారు. నవ్వనివ్వండి.

చెన్నైలో సరుకు పోగుచేసే తెలుగువాళ్ళకు ఆ మిచౌంగ్ వారం రెండు తలనొప్పులు. 4వ తేదీన ఇక్కడ ముంచిన తుపానే 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే సొంతూళ్ళకూ లారీ కట్టాలి. అక్కడికీ అవే మూటలు బయల్దేరాయి. డిసెంబరు మొదటి వారమంటే డెల్టాలో వరి కోతల కాలం. కోసిన పనలు నీళ్ళలో తేలుతుంటాయి, కోయని చేను నేలకొరిగి ఉంటుంది. కంకి మీదే గింజ మొలకెత్తకుండా 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు, పిచికారీ చెయ్యమంటారు వ్యవసాయాధికారులు. ఎకరాకు 200 లీటర్లు పడితే 10 కిలోల ఉప్పు కావాలి. కల్లుప్పు అయితే బాగా కరిగించి గుడ్డలో వడకట్టాలి, లేకపోతే స్ప్రేయరు నాజిల్ మూసుకుపోతుంది. పని అయ్యాక స్ప్రేయరు కడగకపోతే లోహపు భాగాలకు తుప్పు పడుతుంది. వాన వెలిసిన ఒకటి రెండు రోజుల్లో కొట్టాలి. మొలక తెల్లగా కనపడ్డాక కొట్టి లాభం లేదు. కాబట్టి బాపట్ల, రేపల్లె వైపు మొదటి లారీలో పోవాల్సింది ఉప్పు బస్తాలు, స్ప్రేయర్లు, ధాన్యం ఆరబోసుకునే బరకాలు. బరకం కనీసం నాలుగు మీటర్లకు ఆరు మీటర్లు ఉండాలి, అంచుల వెంట లోహపు కళ్ళు ఉండాలి. దాంతోపాటు నైలాను తాడు పంపడం అందరూ మర్చిపోతారు. తాడు లేని బరకం మొదటి గాలికే పక్క ఊరు చేరుతుంది.

సరుకుల కిట్టు విషయానికొస్తే, చెన్నై హోల్‌సేల్ కొట్లో “బియ్యం” అంటే ఉప్పుడు బియ్యం ఇచ్చేస్తారు. బాపట్ల మనిషి అది నోట పెట్టడు. పచ్చి బియ్యమని విడిగా చెప్పాలి. ఇక్కడి పేటలకు ఇచ్చేటప్పుడు అదే తిరగేసి, మన సోనా మసూరి కాకుండా వాళ్ళు తినే పుళుంగల్, అంటే ఉప్పుడు బియ్యమే ఇవ్వాలి. నలుగురి ఇంటికి వారానికి పది కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, ఉప్పు, కారం, చింతపండు. అన్నీ ఒకే సంచిలో వేస్తే ముసలమ్మ మొయ్యలేదు, రెండు సంచులు చెయ్యాలి. సబ్బు బియ్యంతో కలిపితే అన్నం సబ్బు వాసన వేస్తుంది. నూనె ప్యాకెట్టు అడుగున పెడితే లారీ కుదుపుకు పగిలి సంచంతా పాడవుతుంది, అందుకే సీసాలో నూనె కొనాలి, పైన పెట్టాలి. అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ కవర్లో వేసి ముడెయ్యాలి. వండిన అన్నం పంపితే పులిహోరే మేలు, అదీ వెడల్పు పళ్ళేల్లో పూర్తిగా ఆరాక పొట్లం కట్టాలి. వేడి మీద కడితే ఆవిరి నీరై పాచిపోతుంది. వండిన టైము పొట్లం మీద మార్కరుతో రాయాలి. పసిపిల్లల పాలపొడి డబ్బాలు ఎవరికి పడితే వాళ్ళకు పంచకూడదు. మురికినీళ్ళతో కలిపితే విరేచనాలు పట్టుకుంటాయి, తల్లిపాలు తాగే బిడ్డ కూడా ఆ డబ్బాకు అలవాటు పడుతుంది.

హైవే దిగగానే కనపడ్డ ఊళ్ళో లారీ ఆపి విసిరితే, బలమున్నవాడికి మూడు కిట్లు, లోపలి ఊరికి సున్నా. ముందు రోజే పంచాయతీ నుంచి జాబితా తీసుకుని ఇంటింటికీ టోకెన్లు ఇచ్చి రావాలి. ఆ జాబితాలో కాలవ గట్ల మీది యానాదుల గుడిసెలు సామాన్యంగా ఉండవు, చాలామందికి కార్డులు ఉండవు కనుక. తమిళనాడులో ఇరుళర్లనే గిరిజనులదీ ఇదే కథ. వాళ్ళ కోసం కొన్ని టోకెన్లు విడిగా పట్టుకుని, గట్టు వెంట నడిచి వెళ్ళాలి.

ఇక చెన్నై అపార్ట్‌మెంట్లలో నీళ్ళు తీశాక అసలు పని మొదలవుతుంది. సంపులోకి డ్రైనేజీ నీరు కలిసి ఉంటుంది. మోటారుతో బురద తోడి, మూత తీసి బాగా గాలాడనివ్వాలి. లోపలికి మనిషిని ఒంటరిగా దింపకూడదు, పైన ఇద్దరుండాలి. గోడలు రుద్ది కడిగాక మళ్ళీ నింపి, పదివేల లీటర్లకు కిలోన్నర తాజా బ్లీచింగ్ పౌడరు చొప్పున వెయ్యాలి. పొడిగా చల్లడం కాదు, బకెట్లో కలిపి తేరిన తర్వాత పైనీళ్ళు మాత్రమే పోయాలి. రాత్రంతా ఉంచి, మర్నాడు మొత్తం వదిలేసి, కొత్త నీళ్ళు పట్టుకోవాలి. తెరిచి ఉంచిన పాత సంచిలో పౌడరుకు సత్తువ ఉండదు. యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది, వాచ్‌మన్‌కు ఈ ముక్క తప్పక చెప్పాలి.

ఆ బురద ఎత్తేదెవరు? ఫిలిప్పీన్స్‌లో 2013 నవంబరు 8న హైయాన్ టైఫూన్ కొట్టి ఆరువేల మందికి పైగా పోయినప్పుడు, తైవాన్‌కు చెందిన త్సూచీ అనే బౌద్ధ సేవాసంస్థ తక్లోబాన్‌లో బాధితులకే రోజుకు 500 పెసోలు ఇచ్చి, వాళ్ళ వీధులు వాళ్ళ చేతే శుభ్రం చేయించింది. అక్కడి మామూలు కూలి కంటే అది ఎక్కువ. చేతిలో డబ్బు పడింది, మూతపడ్డ కొట్లూ తెరుచుకున్నాయి. మూటలు పంపడం కంటే నయమైన పద్ధతి.

చెన్నైలో ఆ పని పారిశుధ్య కార్మికుల మీద పడుతుంది. వాళ్ళలో తరాల కిందట మన వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి, ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు మీద ఉండే మనకు తెలుగు సంఘమంటే ఉగాది, కార్తీక వనభోజనాలు. ఆ సంఘాల పిలుపుల్లో వీళ్ళ పేట పేరు వినపడదు. వరదప్పుడు వాళ్ళ ఇళ్ళూ మునుగుతాయి, ఆ నీళ్ళలోంచే డ్యూటీకి వస్తారు. మోకాలి దాకా వచ్చే గంబూట్లు, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్ ఇస్తే ఎలుక జ్వరం భయం కొంత తగ్గుతుంది. బూట్లు కొట్లో ఎక్కువగా దొరికేవి 8, 9 నంబర్లు. ఊడ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ, వాళ్ళకు 5, 6 కావాలి. వదులు బూటులోకి నీళ్ళు పోతే చెప్పుల కంటే అధ్వానం. తుపాను హెచ్చరిక రాగానే చెన్నై ప్యారీస్ కార్నర్ బజారులోని కొట్లకు ఫోన్ చేసి ఆ నంబర్లు పక్కన పెట్టించాలి, నీళ్ళొచ్చాక అడిగితే దొరకవు.