ఈ జుట్టు పెరగదని ఎవరన్నారు?

మా అమ్మాయికి వాళ్ల నాన్న జుట్టే వచ్చింది. మా ఆయన నల్లజాతి అమెరికన్; బిగుతైన చిన్న చిన్న చుట్టలు. చూసినవాళ్లు మొదట అనే మాట, "పాపం, పెరగదు కదా." ఎందుకు పెరగదు? తడిపి ఒక పాయను నిటారుగా లాగితే వీపు దాకా వస్తుంది. ఆరగానే చుట్టుకుపోయి సగం కూడా కనిపించదు. పొడవు నిలవడం లేదంటే కొసలు విరుగుతున్నాయని అర్థం.

నూనె దండిగా పట్టించమని మరో సలహా. నూనె తేమను ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వకుండా ఆపుతుంది. తలలో పుట్టే సహజమైన జిడ్డు ఆ మెలికల వెంట కొసల దాకా దిగలేదు, అందుకే పొడిబారుతుంది. ముందు నీళ్లు, కండిషనర్, ఆ తరువాతే నూనె. చిక్కు తీయడం కూడా తడి మీదే, వెడల్పు పళ్ల దువ్వెనతో, కొసల నుంచి పైకి.

జడలు అల్లితే జుట్టు భద్రమేననుకుంటారు. నుదుటి దగ్గర బిగించి లాగితే కుదుళ్లే దెబ్బతింటాయి. ఏళ్ల తరబడి అలా చేస్తే అక్కడ మళ్లీ మొలవకపోవచ్చు. పిల్ల నొప్పి అంటే నేను వెంటనే విప్పేస్తాను.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, ఇది శుభ్రంగా ఉండదనే మాట. ఇలాంటి జుట్టును చూసి బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో చట్టమే చేయవలసి వచ్చింది! వారానికోసారి తలస్నానం చేసే మా అమ్మాయి తల శుభ్రంగానే ఉంటుంది. రోజూ షాంపూ పెడితే ఎండిపోతుంది.