ఫ్లానెల్ బెడ్‌షీట్‌తో బొంత వెనక గుడ్డ: నా అనుభవం

నిన్న రాత్రి బైండింగ్ (బొంత అంచు చుట్టూ వేసే పట్టీ) చివరి కుట్టు వేసి దారం తెంపాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇంకో నాలుగు రోజులు ఆగితే "అబ్బే, పెద్ద కష్టమేం కాదు" అనేస్తానేమో.

పెద్ద మంచానికి సరిపడే బొంత కుట్టేవాళ్లకి ఈ బాధ తెలుసు. పైన ముక్కలు అతికినంతసేపూ సరదాగానే ఉంటుంది, వెనక గుడ్డ దగ్గరికొచ్చేసరికి డబ్బులు లెక్కపెట్టుకోవాలి. మామూలుగా వాడే కాటన్ పన్నా 42 నుంచి 44 అంగుళాలే. రెండు మూడు బారలు కలిపి కుట్టాలి, నడుమ అతుకు తప్పదు. 108 అంగుళాల పన్నాలో ప్రత్యేకంగా అమ్మేది ఉంది గానీ దాని ధర వేరే కథ. ఫ్లానెల్ అంటే పైన నూగు లేపిన మెత్తటి గుడ్డ. క్వీన్ సైజు ఫ్లానెల్ బెడ్‌షీట్ దాదాపు 90 × 102 అంగుళాలు వస్తుంది. అతుకు లేదు, మెత్తగా ఉంటుంది, ఖర్చూ తక్కువ.

కొనేటప్పుడు నూరు శాతం కాటనా కాదా అని చూశాను, ఎలాస్టిక్ లేని ఫ్లాట్ షీటే తీసుకున్నాను. ఎలాస్టిక్ షీటు మూలలు కత్తిరించేశాక మిగిలేది ఎంతో ఉండదు. లేబుల్ మీద నమ్మకం లేక అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి కూడా చూశాను. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలితే కాటన్. కరిగి గట్టి ఉండలా ముద్దకడితే పాలిస్టర్ కలిసినట్టే.

వేడినీళ్లలో ఉతికి, డ్రైయర్‌లో ఆరబెట్టాను. ఫ్లానెల్ మామూలు కాటన్ కంటే ఎక్కువ కుంచించుకుంటుంది. 5 శాతం తగ్గినా 102 అంగుళాల్లో 5 అంగుళాలు పోయినట్టే. ఉతక్కుండా కుట్టేసే ధైర్యవంతులకు నా దండం. చుట్టూ ఉన్న మందపాటి మడత కత్తిరించేశాను. మూడు పొరలూ (పైభాగం, నడుమ బ్యాటింగ్ అనే దూది పొర, వెనక ఫ్లానెల్) పరిచి పిన్నులు పెట్టడం హాయిగా అయిపోయింది, ఎందుకంటే ఫ్లానెల్ నూగు బ్యాటింగ్‌ని పట్టుకుని జారనివ్వదు.

90/14 సైజు సూది, 3 మిల్లీమీటర్ల కుట్టు, పొరలన్నిటినీ కలిపి సమంగా జరిపే వాకింగ్ ఫుట్. మొదటి వరసలు చక్కగా పడ్డాయి. బొంత సగానికి వచ్చేసరికి తెల్లటి పైభాగం మీద మెరూన్ చుక్కలు మొదలయ్యాయి. షీటు రంగుకు సరిపోవాలని, కింది దారం చుట్టే బాబిన్‌లో మెరూన్ దారం వేశాను. అదే పైకి తేలి, ప్రతి కుట్టు దగ్గరా ఒక చుక్క! పై టెన్షన్ (పైదారం బిగువు) తగ్గించమని అందరూ చెప్పే మాటే. తగ్గించాను. కాసేపు బాగుంది, మళ్లీ చుక్కలు. ఇంకా తగ్గిస్తే కుట్టు ఎంత వదులైందంటే గోటితో లాగితే ఊడొచ్చేసింది. సూది మార్చాను, దారం మార్చాను, మొదటి నుంచి మళ్లీ ఎక్కించాను. కుట్టడం కంటే విప్పడమే ఎక్కువైంది.

చివరికి మెషీన్‌ని రిపేరు షాపుకు మోసుకెళ్లాను. సమస్య చూపించడానికి బొంత కూడా తీసుకెళ్లాను. షాపాయన దాన్ని తిరగేసి, ఫ్లానెల్‌ని రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని, షాపులో ఉన్నవాళ్లందరికీ వినబడేలా "మేడం, మంచం మీద పరుచుకునేది మెషీన్లో పెడితే ఇలాగే ఉంటుంది. గుడ్డ కొనలేనప్పుడు ఈ హాబీ ఎందుకండీ?" అన్నాడు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు నోట మాట రాలేదు. ఘాటైన జవాబులన్నీ ఇంటికొచ్చాకే తట్టాయి. పై టెన్షన్ యూనిట్ మార్చామని బిల్లు చేతిలో పెట్టాడు. అందులో బాబిన్ కూర్చునే చిన్న డబ్బా గురించి "బాబిన్ కేసు సరిచూశాం" అని కూడా రాసుంది. ఇంటికొచ్చి మొదటి వరస వేశాను. అవే చుక్కలు.

ఇక నేనే కూర్చున్నాను. బాబిన్ కేసుని దారం పట్టుకుని వేలాడదీస్తే అది ఆగాలి, చెయ్యి కాస్త కుదిపితే కొంచెం దిగాలి. నాది జర్రున కిందికి జారిపోయింది! కేసు పక్కనుండే సన్నటి స్ప్రింగ్ రేకు కింద విజిటింగ్ కార్డు మూల దూర్చి లాగితే మెరూన్ నూగు గట్టిగా అణిగి బయటికొచ్చింది. అది రేకుని ఎత్తిపట్టడంతో కింది దారానికి బిగువు లేకుండా పోయింది, పైదారం దాన్ని లాక్కుంటోంది. అంతే రోగం. సర్వీసు చేసి బతికేవాళ్లకి కనబడనిది నాకు కనబడింది, ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను.

కాబట్టి ఫ్లానెల్ కుట్టేటప్పుడు బాబిన్ మార్చిన ప్రతిసారీ సూది కిందుండే నీడిల్ ప్లేట్ విప్పి బ్రష్‌తో నూగు తీయండి, ఆ స్ప్రింగ్ రేకు కింద కూడా. గాలి ఊదకండి, నూగు ఇంకా లోపలికి పోతుంది. షాపుకి వెళ్లాల్సొస్తే మామూలు కాటన్ ముక్క మీద కుట్టి చూపించండి, బెడ్‌షీట్ ఊసెత్తకండి. సరైన సలహా కాదని కొందరనొచ్చు, నా సలహా మాత్రం ఇదే.

అసలు బెడ్‌షీట్లు బొంతకు పనికిరావనే మాట ఎక్కువ థ్రెడ్ కౌంట్ (చదరపు అంగుళంలో పోగుల లెక్క) ఉన్న నున్నటి షీట్లతో వచ్చింది. వాటి నేత బిగుతు, సూది దిగడం కష్టం, చేత్తో కుట్టేవాళ్ల వేళ్లు పుండవుతాయి. ఫ్లానెల్ నేత వదులు. రెంటినీ ఒకే గాటన కట్టేవాళ్లు రెండూ ముట్టుకుని చూడరు.

ఆ తర్వాత బైండింగ్ దాకా ఒక్క చుక్క లేదు. ఫ్లానెల్ వెచ్చన కాబట్టి సన్నటి కాటన్ బ్యాటింగే వేశాను, కుట్టు వరసలు దూరదూరంగా పెట్టాను, దగ్గరగా వేస్తే అట్టలా బిగుసుకుంటుంది. ఇంకో షీటు ఉతికి సిద్ధంగా పెట్టాను. ఈసారి బ్యాటింగ్ లేకుండా పైభాగం, ఫ్లానెల్, రెండే పొరలతో కుట్టబోతున్నాను.